మూడో వరుస

పాటల మాస్టరు ఉద్యోగంలో కొత్తగా చేరేవాళ్ళు ఎవరైనా వచ్చి, "ఏం చెయ్యాలో కాస్త చెప్పండి మాస్టారూ" అంటే నాకు గుండెల్లో రాయి పడుతుంది. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఆ పని చేశాను. ఏం చేశానో మాత్రం ఇప్పటికీ సరిగ్గా అంతుపట్టలేదు. అంతుపట్టినంత వరకు చెబుతాను, మిగతాది మీరే తేల్చుకోండి. ఎప్పుడు చేరాను, ఏ దొర మెచ్చుకున్నాడు, ఎన్ని దరఖాస్తులు రాశాను అన్నవి వదిలేస్తున్నాను. వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. ఒక పాట గురించీ, నేను రాసిన రెండు మాటల గురించీ చెబితే చాలు.

గుమ్మం

మాది పెనుగొండ. నాన్నకు పచారీ కొట్టు ఉండేది. నాకేమో ఫిడేలు పిచ్చి. "వీణ్ణి తక్కెడ దగ్గర కూర్చోబెడితే తాళం వేస్తాడు" అని నాన్న ఊరందరికీ చెప్పుకుని బాధపడేవాడు. ఆయన పోయాక కొట్టు అన్నయ్య చూసుకున్నాడు. నేను అమ్మను తీసుకుని రాజమండ్రి వచ్చేశాను. ఒకసారి విన్న పాటను ఫిడేలు మీద పలికిస్తానని ఎవరో చెప్పగా, ఒక మిషను ఆడపిల్లల బడి దొరసాని గారు నన్ను పిలిపించారు. బడి పేరు రాయను. తప్పు చేసింది నేను, బడి కాదు.

దొరసాని గారు పెళ్ళి చేసుకోలేదు. మనిషి సన్నం, అడుగు వేగం. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నారు గనక పురాణం చదువుతున్నట్టు మాట్లాడేవారు. ఆవిడ దగ్గర ఒక హార్మోనియం ఉండేది. గోదావరి గాలికి దాని మెట్లు రెండు బిగుసుకుపోయాయి. నేను మొదటిరోజే వాటిని బాగుచేశాను. ఉద్యోగం దానికే ఇచ్చారో, ఫిడేలుకే ఇచ్చారో నాకు తెలియదు.

బడిలో పిల్లలందరూ కూలిజనం బిడ్డలు. ఊరి చివర పేటల్లో ఉంటూ, మతం పుచ్చుకుని, కొత్తగా చదువులోకి వస్తున్న కుటుంబాలు. నేను వరండాలో స్టూలు మీద కూర్చునేవాణ్ణి. పిల్లలు గదిలో ఉండేవారు. మధ్యలో గుమ్మం. నేను లోపలికి వెళ్ళేవాణ్ణి కాదు, వాళ్ళను బయటికి దగ్గరగా రానిచ్చేవాణ్ణీ కాదు. ఇంటికి వెళితే నూతి దగ్గర నీళ్ళు పోసుకుంటే గానీ అమ్మ లోపల అడుగు పెట్టనిచ్చేది కాదు. అప్పట్లో అదేదీ నాకు తప్పుగా తోచలేదు. ఇప్పుడు తోస్తోంది. అప్పుడెందుకు తోచలేదో ఎంత ఆలోచించినా తెలియడం లేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పాటల మాస్టరు పని నోటితో చేసేది కాదు, చెవితో చేసేది. గుమ్మం అవతల కూర్చున్న చెవికి ఎంత వినపడుతుందో మీరే ఆలోచించండి.

సముద్రం మీద వచ్చిన పెట్టె

దొరసాని గారి అక్కగారు వాళ్ళ దేశంలో ఒక ఆడపిల్లల బడిలో సంగీతం చెప్పేవారు. అక్కచెల్లెళ్ళిద్దరూ ఉత్తరాల్లో ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఏటా ఆ బడి మనకు ఒక పాట పంపాలి, మన బడి వాళ్ళకు ఒక పాట పంపాలి. ఫిబ్రవరిలో ఒక ఆదివారం నాడు, వచ్చిన పాటను ఇక్కడ వీళ్ళూ అక్కడ వాళ్ళూ పాడాలి.

"ఒకే దినమున భూమికి ఇరుప్రక్కలను పిల్లలు పాడుదురు, మునిషీ గారూ! ఎంత సంతోషము!" అన్నారు దొరసాని గారు. నన్ను ఆవిడ మునిషీ అనే పిలిచేవారు.

"ఒకే వేళకాండీ?"

"కాదు, కాదు. మనకు ఉదయమైనప్పుడు వారికి రాత్రి. వారు నిద్రించుచుందురు."

నిద్రపోతున్నవాళ్ళతో కలిసి పాడటం ఏంటో నాకు బోధపడలేదు. బోధపడినట్టు తలూపాను. నా ఉద్యోగంలో పెద్ద తప్పులన్నీ ఇలా తలూపడంతోనే మొదలయ్యాయి. మీకు తెలియనిది తెలియదని చెప్పండి. అలా చెబితే మీ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నేను హామీ ఇవ్వలేను. నేను ఎప్పుడూ చెప్పి చూడలేదు.

వానలు వెనకపట్టాక పెట్టె వచ్చింది. ఓడ మీద కాకినాడ దాకా, అక్కణ్ణించి కాలవ పడవ మీద. అందులో పలకలు, సూదులు, రంగు దారాలు, పాట కాయితాలు, ఒక ఫోటో ఉన్నాయి. ఫోటోలో ఆ బడి పిల్లలు మెట్ల మీద మూడు గుంపులుగా నిలబడ్డారు. పొడుగు పొట్టి చూసి నిలబెట్టారనుకున్నాను. ఆ ఫోటోను సరిగ్గా చూసి ఉంటే ఇదంతా జరిగేదే కాదు.

పాటకు తెలుగు మాటలు దొరసాని గారే కట్టారు. స్వరాలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. ఏ అక్షరం మన ఏ స్వరమో ఆవిడ ఒక చీటీ మీద రాసిచ్చి, "నేర్పించుడి" అని పడవెక్కి ఊళ్ళు తిరగడానికి వెళ్ళిపోయారు. చలికాలమంతా ఆవిడకు అదే పని. క్రిస్మసు దాకా తిరిగి రారు. ఆ చీటీ పట్టుకుని నేను, కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడానికి దిగాను.

కాయితం మీద మాటలు ఒక్క వరుసే ఉన్నాయి. వాటికి స్వరాలు మాత్రం మూడు వరుసలు, ఒకదాని కింద ఒకటి.

ఇప్పటి కుర్రకారు నవ్వుకుంటారు గానీ, నాకు ఆ వేళ ఏ అనుమానమూ కలగలేదు. ఒకే పాటను రెండు మూడు మెట్లలో, అంటే బాణీల్లో, పాడటం మన వైపు మామూలే. మొగల్తూరులో ఒక మెట్టులో పాడే భజన పెనుగొండ వచ్చేసరికి ఇంకో మెట్టులోకి మారిపోతుంది. పంపినవాళ్ళు ఎంత మర్యాదస్తులో, మూడు మెట్లూ రాసి నచ్చింది ఎంచుకోమన్నారు అనుకున్నాను. అయినా మూడూ నేర్పిస్తే దొరసాని గారు మెచ్చుకుంటారని పిల్లలను మూడు జట్లు చేశాను. ఒక్కో జట్టుకు ఒక్కో రోజు, ఒక్కో మెట్టు.

మొదటి మెట్టు తేటగా ఉంది. బాగా పాడే పిల్లలకు అది ఇచ్చాను. రెండోది ఫరవాలేదు. మూడోదాన్ని పాట అనడానికి నాకు నోరు రాలేదు. ప ప ప ప. మళ్ళీ ప. ఎక్కడో ఒకచోట ధ దాకా వెళ్ళి, భయపడినట్టు వెనక్కి వచ్చి మళ్ళీ ప. పాట రానివాళ్ళు అనుకున్న పిల్లలందరినీ అందులో పడేశాను.

రెండు మాటలు

ఆ మూడో జట్టులో దీనమ్మ ఉంది. పదమూడేళ్ళు ఉంటాయి. మొగల్తూరు దగ్గర ఊరు, బడి బోర్డింగులోనే ఉండి చదువుకునేది. తండ్రి ఒక కామందు దగ్గర పాలేరు. మొదట్లో ఒంటరిగా పాడమంటే తలవంచుకుని ఏదో అనేది. గుమ్మం ఇవతలికి నాకు ఏమీ వినపడేది కాదు. వినపడని గొంతును లేని గొంతు కింద జమకట్టాను.

ఒకరోజు పంతులమ్మ ఒకావిడ రాకపోవడంతో మూడు జట్లూ ఒకే గదిలో కూర్చున్నాయి. అందరినీ మొదటి మెట్టు పాడమన్నానో, ఎవరిది వాళ్ళను పాడమన్నానో నాకు గుర్తులేదు. మొత్తానికి ఎవరికి వాళ్ళు మొదలుపెట్టి, నాలుగు అడుగులు వెళ్ళేసరికి అందరూ మొదటి మెట్టులోకి జారిపోయారు. దీనమ్మ ఒక్కతే ప ప ప అంటూ అక్కడే నిలబడింది.

"ఊరంతా ఒకదారి, ఉలిపికట్టెదొకదారి! అందరూ ఒకటి పాడుతుంటే నీదొకటా?" అని కేకలేశాను.

"మీరు నాకు ఇదే చెప్పారు గదండీ" అంది.

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళా?"

ఆ పిల్ల తలవంచుకుంది. ఆ తలవంపును నేను పొగరు అనుకున్నాను.

డిసెంబరులో ట్రైనింగుకు పంపాల్సిన పిల్లల పేర్లు అడిగారు. ఆ ట్రైనింగు అయితే పల్లెటూరి బడికి పంతులమ్మగా వెళ్ళొచ్చు. అయితే పల్లెల్లో బడి పాటతోనే మొదలవుతుంది. పాట వినపడితేనే పిల్లలు పనులు వదిలి వస్తారు. అందుకని పేరు పక్కన పాటల మాస్టరు ఒక మాట రాయాలి. ఆ మాట బాగుంటే పిల్ల చదువుతుంది. బాగోకపోతే ఇంటికి వెళ్ళి, తల్లి దిగిన బురదలోనే తనూ దిగుతుంది. ఇది నాకు తెలుసు. తెలిసే రాశాను.

ఒక్కొక్కరినీ విడిగా, వాళ్ళు నేర్చుకున్న మెట్టే పాడమన్నాను. దీనమ్మ వంతు వచ్చింది. ప ప ప ప. గోడకు మేకు కొడుతున్నట్టు. పూర్తిగా విననైనా వినకుండా "చాలు" అన్నాను. పేరు పక్కన "గొంతు లేదు" అని రాశాను.

ఆ జాబితా నకలు తలుపు మీద అంటించారు. దీనమ్మ చదువుకుంది. చదవడం మేమే నేర్పాం మరి. వారం తర్వాత, కబురందుకుని తండ్రి వచ్చి బట్టల మూటతో సహా తీసుకెళ్ళాడు. వెళ్తూ ఆయన నాకు దండం పెట్టాడు. నేను తలూపాను.

దొరసాని గారు తిరిగొచ్చాక

ఆవిడ వచ్చిన మర్నాడు మూడు జట్లనూ వరుసగా పాడించి వినిపించాను. మొదటి జట్టు అయ్యేదాకా ఆవిడ ముఖం వెలిగింది. రెండో జట్టు మొదలయ్యేసరికి కనుబొమలు ముడిపడ్డాయి. మూడో జట్టుకు లేచి నిలబడ్డారు.

"మునిషీ గారూ, ఏల విడివిడిగా పాడించితిరి? ఇవి మూడు పాటలు కావు. మూడును కలిసి ఒక పాట. ఏకకాలమందు పాడవలెను!"

"మూడు మెట్లూ ఒకేసారి పాడితే అది సంత కదండీ?" అన్నాను. నిజంగానే అడిగాను, ఎగతాళికి కాదు.

ఆవిడ ఫోటో తెచ్చి మూడు గుంపులనూ వేలితో చూపించారు. తర్వాత హార్మోనియం ముందు కూర్చుని మూడు వరుసలూ ఒకేసారి వాయించారు. నేను విన్నది ఏంటో ఇప్పటికీ చెప్పలేను. ఒక క్షణం ఎవరో తలుపు తెరిచినట్టు అనిపించింది. మరుక్షణం అంతా కలగాపులగం. మొదటిదాన్ని విందామంటే మూడోది అడ్డొచ్చింది, మూడోదాన్ని పట్టుకుందామంటే మొదటిది లాక్కెళ్ళింది. బాగుందా అని ఆవిడ అడిగారు. తలూపాను.

పిల్లలతో కలిపి పాడించడం మొదలుపెట్టారు. కుదరలేదు. మూడో జట్టు పిల్లలు నాలుగు అడుగులకే మొదటి మెట్టులోకి జారిపోతున్నారు. దొరసాని గారు విసిగిపోయి, "ఇంతకుముందు ఈ వరుసను నిలిపినవారు ఎవరును లేరా?" అన్నారు.

ఒక పిల్ల లేచి, "దీనమ్మ నిలిపేదండి. అది పక్కనుంటే మేం తప్పేవాళ్ళం కాదండి" అంది.

"ఆ చిన్నది ఎక్కడ?"

అందరూ నా వైపు చూశారు. అప్పుడు నాకు అర్థమైంది. అందరూ ఒకవైపు లాగుతుంటే తన స్వరం మీద తాను నిలబడటం. ఈ కాయితానికి కావలసిన గొంతు అది ఒక్కటే. దాన్ని నేను మేకు అనుకున్నాను.

దొరసాని గారి గురించి ఒక మాట చెప్పాలి. మంచి మనిషి. ఏ పిల్లకు జ్వరమొచ్చినా పక్కన కూర్చునేవారు. కానీ చీటీ చేతిలో పెట్టి వెళ్ళిపోవడం తన తప్పు అని ఎన్నడూ ఒప్పుకోలేదు. నా తప్పు నేనూ ఒప్పుకోలేదు. అందుకే మా ఇద్దరికీ పొత్తు బాగానే కుదిరింది.

"ఆ పల్లె క్రైస్తవులకు బోధించు ఉపదేశి చేత ఉత్తరము పంపెదను" అన్నారు ఆవిడ.

"వద్దండీ, నేనే వెళ్ళొస్తాను" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

దాళ్వా నాట్లు

గోదావరి దాటి, విజ్జేశ్వరం లాకుల దగ్గర పడవెక్కాను. నరసాపురం చేరేదాకా ఏం చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. అక్కడ దిగేసరికి ఒక్క మాటా మిగల్లేదు.

దాళ్వా, అంటే రెండో పంట, నాట్లు పడుతున్నాయి. నడిచి వెళితే, దీనమ్మ వాళ్ళ పేటలో ముసలి కుక్క తప్ప ఎవరూ లేరు. చేలో ఉన్నారని తెలిసి గట్టు వెంట వెళ్ళాను. ఇరవైమంది ఆడవాళ్ళు వరుసగా వంగి నాటుతూ పాడుతున్నారు. ఒకామె ఎత్తుకుంటోంది:

"నీళ్ళొచ్చె నీళ్ళొచ్చె కాలవా నిండా,
నా తల్లి చేతిలో నారంత పండా..."

మిగతావాళ్ళు అందుకుంటున్నారు. దీనమ్మ ఆ చివర, ఒక ముసలామె పక్కన ఉంది. నన్ను చూసి నిటారుగా నిలబడింది. పాట ఆగిపోయింది.

"ఏంటండి అయ్యగారూ, ఇంత దూరం వచ్చారు?" అంది తల్లి కంగారుగా.

"దొరసాని గారు పంపారు. దీనమ్మను మళ్ళీ రమ్మంటున్నారు. ఫిబ్రవరిలో పాట ఉంది. దొరసాని గారు మళ్ళీ వింటారట."

అన్నీ దొరసాని గారి మీదకు నెట్టేశాను. నేను తప్పు రాశానని ఒక్క మాట అంటే సరిపోయేది. అది మాత్రం గొంతు దాటి రాలేదు. గొంతు లేనిది ఎవరికో అప్పుడే తేలిపోవాల్సింది.

దీనమ్మ చేతిలో నారు కట్ట అలాగే పట్టుకుని, "దొరసాని గారి సంగతి కాదండీ. మీరు వింటారాండీ?" అంది.

"పాడండి, వింటాను" అన్నాను. వాళ్ళు మళ్ళీ వంగారు, పాట మళ్ళీ లేచింది. గాలి ఎదురుగా వీస్తోంది. గట్టు మీదికి సగం పాటే వస్తోంది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని చిన్నప్పటినుంచీ విన్నవాణ్ణి. చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, చేలోకి దిగాను.

"అయ్యయ్యో, బురదండీ! దిగకండీ!" అని ఆడవాళ్ళు గోల చేశారు. పిక్కల దాకా దిగబడుతూ వెళ్ళి ఆ చివర ముసలామె పక్కన నిలబడ్డాను. ఆమె దీనమ్మ మామ్మ. తండ్రిని కన్న తల్లి. నాకు అంత దగ్గరగా ఆ పేట మనిషి ఎవరూ ఎప్పుడూ నిలబడలేదు. ఆమె నావైపు తిరిగి చూడలేదు, పాడుతూనే ఉంది.

అందరూ చరణం చివర ఆపి ఊపిరి తీసుకుంటుంటే, ఆ ముసలామె ఆపడం లేదు. చివరి అక్షరాన్ని అలా పట్టుకునే ఉంది. ముందున్నామె కొత్త చరణం ఎత్తుకుని ఎటు వెళ్ళినా, ఈమె కింద ఒక్కచోటే నిలబడి ఉంది. దీనమ్మ కూడా అంతే. వాళ్ళిద్దరి గొంతూ వరుసకు గట్టులా ఉంది.

"అలా పట్టుకుంటారెందుకమ్మా?" అని అడిగాను.

"మేం వదిలేత్తే ముందోళ్ళు ఊపిరాడక ఆగిపోతారండి" అంది ముసలామె. "పాటాగితే నడుం నొప్పి తెలుత్తాదండి."

ఆ రోజు ఆ పాట కాయితం మీద రాసుకున్నాను. మనం పంపాల్సిన పాటగా నేను కట్టిన ఒక కృతి సిద్ధంగా ఉంది. దాన్ని పక్కన పడేశాను. "ఇదెందుకండీ, బురదలో పాడేది?" అని దీనమ్మ ఆశ్చర్యపోయింది. నాట్లు అయ్యాక పంపిస్తామని తల్లి ఒప్పుకుంది.

ఏం రాయాలి

ఫిబ్రవరి ఆదివారం నాటికి దీనమ్మ వచ్చింది. మూడో వరుస నిలబడింది. పాట అయ్యాక చూడటానికి వచ్చిన పెద్దల్లో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు, ఇంకొకాయన "గోలగా ఉందండి" అన్నాడు. ఇద్దరి మాటా నాకు నిజమే అనిపించింది. దీనమ్మను పిలిచి, "నీకెలా ఉంది?" అని అడిగాను.

"నాకు పాట వినపడదండి. నాకు నా గొంతే వినపడాలి గదండీ, లేకపోతే పోద్ది" అంది.

ఇంక జాబితాలో మాట మార్చాలి. దొరసాని గారు కలం నా చేతికిచ్చి, "మీరే వ్రాసితిరి, మీరే దిద్దుడి" అన్నారు. "గొంతు ఉంది" అని రాయబోయి ఆగిపోయాను. అదీ నిజం కాదు. పెద్ద గొంతు కాదు ఆ పిల్లది, గమకాలు, సంగతులు పలకవు. ఉన్నది ఇంకేదో. దానికి మన సంగీతంలో పేరు ఉందో లేదో నాకు తెలియదు. చివరికి "ఈ అమ్మాయి పట్టిన స్వరం విడిచిపెట్టదు" అని రాశాను. ట్రైనింగు బడి దొర అది చదివి, మొండిపిల్ల అని దీని అర్థమా అని అడిగి పంపాడట. దొరసాని గారు అవునని జవాబు రాశారు. ఎలాగైతేనేం, దీనమ్మకు చోటు దొరికింది.

నకలు మీద ఉన్న "గొంతు లేదు" ఎప్పుడు చింపేశారో, ఎవరు చింపేశారో నాకు తెలియదు. ఆ పిల్లతో దాని గురించి నేను మాట్లాడలేదు. ఆ పిల్లా మాట్లాడలేదు.

మీకు సలహా ఇవ్వాల్సిన చోటు ఇదే. ఎవరి గురించీ "గొంతు లేదు" అని రాయకండి అందామనుకున్నాను. మరి నిజంగా లేనివాళ్ళ సంగతేంటి? ఎన్నోసార్లు ఆలోచించాను, తేలలేదు. పూర్తిగా వినకుండా రాయకండి. అంతవరకు గట్టిగా చెప్పగలను.

తిరిగొచ్చిన పాట

నాట్ల పాట ఓడెక్కి వెళ్ళింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఆ బడి పిల్లలు దాన్ని పాడారు. వాళ్ళు ఎలా పాడారో చూపిస్తూ, తర్వాతి పెట్టెలో కాయితం పంపారు. విప్పి చూస్తే మన పాట కింద వాళ్ళు ఇంకో రెండు వరుసలు చేర్చారు.

దీనమ్మ ట్రైనింగు సెలవులకు వచ్చి అప్పుడు బడిలోనే ఉంది. మామ్మ ఆ వేసవిలోనే పోయింది. కాయితం దీనమ్మకు ఇచ్చాను. వేలు పెట్టి మూడో వరుస చదివింది. ప ప ప ప. చరణం చివర ఆగకుండా, తర్వాతి చరణంలోకి కూడా అదే ప.

"మా మామ్మని వీళ్ళెక్కడ విన్నారండీ?" అంది.

బురదలో ఆమె పక్కనే నిలబడి విన్నవాణ్ణి, నేను రాసి పంపినది పై మెట్టు ఒక్కటే. ముందున్నామె పాడిందే పాట అనుకుని అదే రాశాను. మామ్మ పట్టుకున్నది ఒక వరుస అని, దాన్ని కూడా రాయాలని నాకు తట్టనే లేదు. ఒక పిల్లను దాదాపు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం అదే, నెల తిరక్కుండా మళ్ళీ అదే తప్పు చేశాను. నేను వినీ రాయలేదు. వాళ్ళు వినకుండానే రాశారు. వాళ్ళ సంగీతంలో అలా చేర్చడం ఒక పద్ధతని దొరసాని గారు విడమరిచి చెప్పారు. అయ్యుండొచ్చు. దీనమ్మ మాత్రం ఆ కాయితం అడిగి తీసుకుని, బైబిల్లో పెట్టుకుంది.

తర్వాత చాలా ఏళ్ళు గడిచాయి. దొరసాని గారు వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. గోదావరి మీద రైలు వంతెన కూడా వచ్చింది. దీనమ్మ పల్లెల్లో పంతులమ్మగా చేసి, నేను పని మానాక నా చోటికే వచ్చింది. వరండాలో ఉండే నా స్టూలు ఇప్పుడు గది లోపల, పిల్లల మధ్యలో ఉంది.

మొన్న ఫిబ్రవరి పాటకు సాధన జరుగుతుంటే చూద్దామని వెళ్ళాను. ఈ ఏడు మళ్ళీ ఆ నాట్ల పాటే పాడుతున్నారు. నేను అలవాటు చొప్పున వరండాలో ఆగాను.

"లోపలికి రండి మాస్టారూ. మూడో వరుసలో ఒక గొంతు తక్కువైందండి" అంది దీనమ్మ.

వెళ్ళి పిల్లల మధ్య నిలబడ్డాను. ప అందుకున్నాను. మొదటి చరణం సగం దాకా నిలిచాను. అంతలో పై మెట్టు నన్ను లాక్కుపోయింది. పిల్లలు ముసిముసిగా నవ్వారు. మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ జారాను. మూడోసారి కూడా అంతే.

"మాస్టారూ, మీకు గొంతు లేదండీ" అంది దీనమ్మ.

పిల్లలు పకపకా నవ్వారు. దీనమ్మ కూడా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఇన్నేళ్ళుగా రాని మాట అప్పుడు వచ్చింది.

"ఆ రోజు నేను రాసింది తప్పమ్మా" అన్నాను.

"ఆయ్, తెలుసండి" అంది. "మీరు బురదలో దిగిన రోజే తెలిసిందండి."

"మరి ఇన్నేళ్ళూ ఒక్కసారైనా అడగలేదేం?"

"మీరు చెబుతారని చూశానండి" అంది. పిల్లల వైపు తిరిగి, "మళ్ళీ మొదట్నించి" అని చెయ్యి ఎత్తింది.

నేను ప అందుకున్నాను.